మట్టి కోసం ఒక బస్సు

మా ఊళ్లో నికెల్ పూత ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది, దాని విషం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. పిట్స్‌బర్గ్ దిగువన నది వంపులో, చుట్టూ కంచె వేసి పుర్రె బొమ్మ తగిలించిన ఆ స్థలాన్ని ఆనుకునే మా థెక్లా అత్త ఇల్లు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన మామయ్య పోయాడు. పెరట్లో పండిందేదీ తినొద్దని ఆరోగ్యశాఖ వాళ్లు చెప్పి వెళ్లినప్పటి నుంచి అత్త టమాటాలు బకెట్లలో పెంచుతోంది. తన నేలలో క్యాబేజీ వేసి, దాన్ని పిండి ముద్దల్లో కూరి పిరోగీలు చేసి తినందే చావనని ఆవిడ పంతం.

నేను ఊరి కౌన్సిల్లో మెంబర్ని, పేరు బెర్నడీన్. ఆ మట్టి బాగుచేయించడానికి నేను ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. మట్టికి డబ్బు లేదన్నారు. బస్సులకైతే ఉందన్నారు. ఆ స్థలంలో బస్ స్టేషన్ కడితే దాని కింద మట్టి తవ్వి తీయడం కూడా కట్టుబడి ఖర్చులోకే వస్తుందట. అన్నం అడిగితే గొడుగిస్తామంటున్నారు, సరే, గొడుగు తిరగేసి అందులోనే తిందాం అనుకున్నాం.

మా ఊళ్లో బస్సెక్కే అలవాటు ఎవరికీ లేదు. అయినా స్టేషన్ కట్టాం. దాని కింద నేల బాగుపడింది. అత్త పెరటితో కలిపి మిగతా సగం తవ్వాలంటే మాత్రం ఒక షరతు పెట్టారు. ఆ స్టేషన్ స్టాపులో బస్సు ఆగడం, జనం దిగడం ఆ డబ్బిచ్చే శాఖ తరఫున ఫిలడెల్ఫియా నుంచి వచ్చే అధికారి కళ్లారా చూసి సంతకం పెట్టాలి. లేదంటే మిగిలిన డబ్బు వెనక్కి పోతుంది, అత్త బకెట్లు అత్తకే మిగులుతాయి.

తనిఖీకి ముందు రోజు మోకాలి లోతు మంచు పడింది. తెల్లారకముందే అత్త పార పట్టుకెళ్లి బస్సు ఆగే చోటంతా ఒక్కతే శుభ్రం చేసింది. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. మా దగ్గర రోడ్డు పక్కన మంచు తీసిన చోటు, కారు పెట్టుకోడానికి, తీసినవాళ్లదే. గుర్తుగా అక్కడ ఒక కుర్చీ వేస్తారు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. పోలీసులు ముట్టుకోరు, చర్చి ఫాదర్ కూడా ముట్టుకోడు. ఎవడైనా కారు పెట్టేస్తాడేమోనని, చేతి అలవాటు కొద్దీ అత్త వంటింటి కుర్చీ తెచ్చి సరిగ్గా బస్సు ఆగాల్సిన చోట వేసింది. తర్వాత కొండమీది స్టాపుకు నడిచి వెళ్లి బస్సెక్కింది. అధికారి కళ్లముందు దిగాల్సింది ఆవిడే. ఆ ఏర్పాటు నాదే.

విట్‌కూంబ్ అనే ఆ అధికారితో నేను అక్కడికి చేరేసరికి, బస్సు ఆగే చోట ఎవరిదో కుర్చీ ఉంది. అంతలో బస్సు వచ్చింది. నెమ్మదించింది. కుర్చీ పక్కనుంచి మర్యాదగా వెళ్లిపోయింది. కిటికీ అద్దం మీద అత్త పిడికిళ్లు కనిపించాయి.

లోపలి సంగతి అత్త తర్వాత చెప్పింది.

"ఆపరా రీజిస్, నేను దిగాలి!"

"ఎట్లా ఆపను పెద్దమ్మా? కుర్చీ ఉంది కదా," అన్నాడట డ్రైవరు.

"అది నా కుర్చీరా సన్నాసీ!"

"అందరూ అట్లాగే అంటారు."

ఇవతల విట్‌కూంబ్ నా వైపు తిరిగాడు. "బస్సు ఆగలేదేమండీ?"

"కుర్చీ ఉందండి."

"తీసేయొచ్చుగా?"

"మనది కాదు కదండీ."

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఆయనే వెళ్లి కుర్చీ మీద చెయ్యి వేశాడు. ఎదురింటి కిటికీ ధడాల్న తెరుచుకుంది. "ఏయ్! నీ అబ్బ సొమ్మా అది? వదులు!" ఆ కేకకు నాలుగిళ్ల వాళ్లు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని బయటికొచ్చారు. పాపం, ఆయన చేతులు జేబుల్లో పెట్టేసుకున్నాడు.

తర్వాతి స్టాపులో దిగిన అత్త మంచులో పడుతూ లేస్తూ వచ్చింది. తన కుర్చీ తనే తీసి పక్కన పెట్టింది.

"మీరు ఈ బస్సు రోజూ ఎక్కుతారా అమ్మా?" అని విట్‌కూంబ్ అడిగాడు.

ఎక్కుతానని చెప్పమని నేను చిలక్కి చెప్పినట్టు చెప్పి ఉంచాను. అత్త నన్ను ఒకసారి చూసింది.

"లేదు నాయనా. ఇవాళే మొదలు. అదీ వాడు దింపి చావలేదు. నాకు బస్సెందుకు? నాకు కావాల్సింది మట్టి. మీ కొట్లో బస్సులు తప్ప ఇంకేమీ లేవన్నారు, సరే అవే ఇవ్వండన్నాం."

ఇక సంతకం రాదనుకున్నాను. విట్‌కూంబ్ ముక్కు తుడుచుకుని కంచె అవతలికి చూశాడు.

"మట్టి సంగతి నన్ను చూడమనలేదమ్మా. బస్సు ఆగాలి, ఎవరో ఒకరు దిగాలి. అంతే."

"అయితే ఉండు, మళ్లీ ఎక్కి వస్తా," అని అత్త కొండెక్కింది. ఈసారి బస్సు ఆగింది. రాణిగారిలా దిగింది. ఆయన సంతకం పెట్టాడు. కానీ తవ్వకం అయ్యేదాకా ఈ రూటులో జనం లేకపోతే పని ఆగిపోతుందని, ఎవరైనా ఎప్పుడైనా చూడ్డానికి రావచ్చని హెచ్చరించి మరీ వెళ్లాడు.

వసంతంలో తవ్వకం మొదలైంది. అరుగు మీద కూర్చుని ఆ వేడుక చూడాలని ఇన్నేళ్లు కాచుకున్న మనిషి, రోజంతా బస్సులో తిరుగుతోంది. ఊళ్లో ఇంకెవరు ఎక్కుతారు? ఒక రోజు తోడుగా నేనూ ఎక్కాను. స్టేషన్ దగ్గర ఆగినప్పుడు చూస్తే, పెరట్లో గుంత అడుగున మట్టి నికెల్ విషంతో ఆకుపచ్చగా మెరుస్తోంది. అత్త అద్దానికి మొహం ఆనించింది.

"మీ మామయ్య చొక్కాలు ఉతికితే నీళ్లు ఈ రంగే వచ్చేవే," అంది.

రీజిస్ బండి కదల్చలేదు. వెనక కార్లు హారన్లు కొడుతున్నా కదల్చలేదు.

అత్తే కళ్లు తుడుచుకుంది. "బండి పోనీరా నాయనా, ఇంకా సగం తవ్వాలి."