శబరి కలిసే చోట నిలబడ్డాను

నేను ఒక కెమెరా స్టాండుని. మూడు టేకు కాళ్ళు, ఇత్తడి మరలు, పైన అరచేయంత పలక. రాజమండ్రిలో వీరభద్రాచారి అనే వడ్రంగి నన్ను చేసి, నెత్తిమీద ఇసుక బస్తా పెట్టి చూశాడు. నేను వణకలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

నన్ను చేయించుకున్నది ఫొటో స్టూడియో దైవాశీర్వాదం గారు. పెళ్ళిళ్ళవాళ్ళకి, పసిపిల్లల తల్లులకి ఆయన "కదలకండి" అని చెప్పని రోజు లేదు. చెప్పినా ఎవరూ ఆగేవారు కాదు. ఆ గదిలో కదలకుండా ఉన్నది నేనొక్కదాన్నే. ఫొటో బాగా వస్తే మాత్రం అందరూ కెమెరానే మెచ్చుకునేవారు.

ఆయన పోయాక కూతురు ఎస్తేరు చేతికొచ్చాను. ఆమె నన్ను భుజాన వేసుకుని నదుల వెంట తిరిగింది. "నదికి ఫొటో ఎవరడిగారే?" అని తల్లి విసుక్కునేది.

నిజంగానే ఒకాయన అడిగాడు. శబరి వచ్చి గోదావరిలో కలిసేచోట పడవ నడిపే పోలయ్య. దిగువన కడుతున్న ఆనకట్ట నీళ్ళలో వాళ్ళ ఊరు మునుగుతుందట. వచ్చే వేసవికల్లా ఖాళీ చేయాలి.

"మా రేవుని నేను చూసినట్టుగా తీసియ్యమ్మా. కొత్త ఇంట్లో పెట్టుకుంటాను" అన్నాడు.

ఎస్తేరు జూన్ ఎండలో ఒకటి తీసింది. ముసురులో ఒకటి. మబ్బు పట్టిన సాయంత్రం ఇంకొకటి. పోలయ్య ఒక్కోదాన్నీ చూసి మర్యాదగా తిరిగిచ్చాడు.

"మా రేవే తల్లీ. కానీ వాన వెలిశాక రెండు నీళ్ళూ వేరువేరుగా కనపడతాయి చూడు, అది లేదు."

పత్రికలవాళ్ళు అడిగి మరీ వేసుకున్న ఫొటోలవి! ఎస్తేరు మొహం చిన్నబోయింది. నాకు రోషం వచ్చింది.

ఆగస్టులో గోదావరి పొంగింది. వాన తెరిపిచ్చేలా ఉందని పోలయ్య కబురు పెట్టగానే వెళ్ళాం. ఒడ్డంతా మునిగి ఉంది. నన్ను మోకాలిలోతు నీళ్ళలో నిలబెట్టారు. చూస్తుండగానే నీళ్ళు నడుముకొచ్చాయి.

"పెరుగుతోంది ఎస్తేరమ్మా, పోదాం పద."

"ఒక్క నిమిషం బాబాయ్. పడమట మబ్బు విడిపోతోంది."

పోలయ్య గొంతు దాకా నీళ్ళలోకి వంగి, ప్రవాహం వైపున్న నా కాలిని రెండు చేతులా పట్టుకున్నాడు. అప్పుడొచ్చింది వెలుగు. ఇటు ఎర్రటి గోదావరి, అటు నల్లటి శబరి, మధ్యలో గీత గీసినట్టు. తడిసిన కొండలు తళుక్కుమన్నాయి. నా కింద ఇసుక జారిపోతోంది. కాలు చిట్లుతున్నట్టు తెలుస్తోంది. అయినా నా పలక వెంట్రుకవాసి కదలలేదు. ఎస్తేరు మీట నొక్కింది. మరుక్షణం మబ్బు మూసుకుంది. నన్ను పైకి లేపితే, ఆ కాలు నిలువునా చీలి ఉంది.

వేసవిలో పోలయ్య వాళ్ళు కొత్త కాలనీకి చేరాక, ఇంటి ముందు భార్యాభర్తలిద్దరికీ ఫొటో తీద్దామని ఎస్తేరు నన్నూ తీసుకెళ్ళింది. కాలికి రాగితీగ చుట్టించుకుని దర్జాగానే వెళ్ళాను. ముందు ఆ ఆగస్టు ఫొటో పోలయ్య చేతికిచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత వీధి కుళాయి దగ్గరున్న భార్య గంగాలుని కేకేశాడు. ఆమె బిందె పక్కన పెట్టి వచ్చింది.

"చెప్పులిప్పి చూడవే" అన్నాడు పోలయ్య, "బురదంటుద్ది."

గంగాలు ఫొటో వంక చూసింది. వంగి, నిజంగానే చెప్పులు విప్పింది.