పేరు తీసే పని

పెండ్లిపత్రిక కింద పిల్లల వరుసలో ఒక పేరు తగ్గిందని దస్తగిరి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, మూత బిగించి, వేళ్లు విరుచుకున్నాడు. "మా మామయ్య పెండ్లికి తప్పక రావాలి" అనే ఆ వరుసలో ఎవరి పేరు జారినా మేనత్తలు అలుగుతారు, పెండ్లివారు వచ్చి ప్రెస్సు గుమ్మంలో కూర్చుంటారు. నల్గొండలో కమలాకర్ ప్రెస్సు, అందులో దస్తగిరి కొలువు, సీసం అక్షరాల కాలం నుంచీ ఇంతే. అక్షరాలు పేర్చీ పేర్చీ వంగిన వీపు కంప్యూటరు వచ్చాక కూడా లేవలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. దవాఖానకు పోదామని బిడ్డ నాజియా పోరుతుంటే, ఈ లగ్గాల సీజను దాటనీ అంటాడు. అది ఎప్పుడు దాటింది గనుక.

పని మధ్య సందు దొరికితే ఆయనకు జీతం లేని పని ఇంకొకటి ఉంది. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఇంటర్నెట్‌లో ఉంది గదా, అందులో ఏళ్ల తరబడి అచ్చుతప్పులు దిద్దుతున్నాడు. భార్య పోయాక సాయంత్రాలు గడవక మొదలుపెట్టాడు. అక్కడ అందరూ ఆయన్ని దస్తగిరి గారూ అంటారు. ప్రెస్సులో ఆ మాట ఏనాడూ వినని మనిషి కాబట్టి అది తియ్యగానే ఉండేది.

పోయిన వారం కట్టంగూర్ నుంచి ఈదమ్మ వచ్చింది, భర్త సంవత్సరీకం కార్డులకు. సినిమా నటి సుమన తల్లి ఆమె. ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటుంది తప్ప తను చెప్పుకోదు. కార్డులో మనుమరాలి పేరు వేయాలా అని దస్తగిరి అలవాటుగా అడిగితే వద్దంది. పిల్ల హైదరాబాదులో బడి మాని తన దగ్గరే ఉందట. ఎవరో పేరుతో సహా బడి సంగతి ఇంటర్నెట్‌లో రాస్తే, జనం ఫోన్లు పట్టుకొని గేటు దగ్గర కాపు కాశారట.

"ఆరేండ్ల పిల్ల, భాయ్. గేటు కాడ పేరు పెట్టి పిలిచిండ్రు. అమ్మ పంపిన మనుషులే అనుకొని వాళ్ల కాడికి పొయ్యింది," అంది ఈదమ్మ.

వెతికితే ఆ రాత తను దిద్దే విజ్ఞాన సర్వస్వంలోనే, సుమన పేజీలో దొరికింది. ఆ పేరు ఇక్కడ మనకెందుకు. దస్తగిరి వెంటనే తీసేశాడు. అయితే ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. ప్రూఫులో ఏ మాట కొట్టేసినా, కొట్టేసిందేమిటో అంచున రాయాలి, రేపు మా మాట ఏదని గిరాకీ అడిగితే చూపించడానికి. చేయి ఊరుకోలేదు. ఎందుకు మార్చారని అడిగే చిన్న పెట్టెలో పిల్ల పేరు, బడి పేరు పూర్తిగా రాసి, "తొలగించాను" అని ముగించాడు. పేజీలోంచి పోయిన పేరు, ఎవరెప్పుడు ఏం మార్చారో అందరికీ చూపించే పేజీ చరిత్రలో ఆయన చేత్తోనే ఎక్కి కూర్చుంది.

ఈ శనివారం పొద్దున అది కళ్లబడి ఒళ్లంతా నీరసం కమ్మింది. ఎల్లుండి సోమవారం పిల్లను మళ్లీ అదే బడికి పంపుతారని ఈదమ్మ ఆనాడే చెప్పింది. పాత ప్రతులతో సహా దాన్ని దాచగలిగేది ఆ విజ్ఞాన సర్వస్వం నిర్వాహకులే. మహబూబ్‌నగర్‌లో లెక్చరరుగా ఉన్న కృష్ణకాంత్ వారిలో ఒకడు. ముఖం చూడలేదు గానీ నంబరు ఉంది. పొద్దున్నించి ఫోను చేస్తుంటే మధ్యాహ్నం అన్నం వేళకు ఎత్తాడు. పేపర్లో వచ్చిన సంగతే కదా, దాచడమెందుకని తోటి నిర్వాహకులు కొందరంటారు, వారం రోజులు చర్చ పెడదామన్నాడు.

"పేపర్ల అచ్చయితే తెల్లారి మిర్చీలు కట్టుకుంటరు సార్. మన దాంట్ల రాస్తే పిల్ల పెద్దగయినా పోదు."

కృష్ణకాంత్ ఇంకో సంగతి గుర్తు చేశాడు. దాస్తే చరిత్రలో మీ పేరు పక్కన కొట్టివేత గీత పడుతుంది, ఏదో బూతు రాశారనుకుంటారు, ఇన్నేళ్ల మంచిపేరు చూసుకోండి అన్నాడు.

"అనుకోనియ్యి సార్. నా పేరు పాతబడ్డది. పిల్లది ఇంకా కొత్తది."

సరేనన్నాడు కృష్ణకాంత్. దస్తగిరి ప్రెస్సు యజమాని కమలాకర్‌ను భోజనానికి పొమ్మని, తన డబ్బా విప్పకుండా తెర ముందే కూర్చున్నాడు. కొంతసేపటికి ఆ వరుస బూడిదరంగుకు తిరిగింది, దాని మీద అడ్డంగా గీత పడింది. హమ్మయ్య అనుకున్నాడు. ఎడమ భుజం పొద్దున్నించీ లాగుతోంది, కూర్చున్న నొప్పేలెమ్మని పెండ్లిపత్రిక ప్రూఫు దగ్గరికి జరుపుకొని పెన్ను మూత తీశాడు.

కమలాకర్ తిరిగి వచ్చి, కునుకు పట్టిందనుకొని ఫ్యాను పెంచి కాగితపు కట్టలు సర్దుకున్నాడు. చాలాసేపటికి భుజం తట్టి చూస్తే ఒళ్లు చల్లబడి ఉంది. సాయంత్రానికి నాజియా వచ్చి అబ్బా కళ్లద్దాలు, విప్పని అన్నం డబ్బా తీసుకుపోయింది.

సోమవారం ప్రెస్సు తెరిచి మౌసు కదిపితే తెర వెలిగింది. దస్తగిరి పేరు, దాని పక్కన ఎవరూ చదవలేని కొట్టివేత. కమలాకర్‌కు ఏమీ అర్థం కాలేదు. అప్పుడే ఈదమ్మ కార్డులకు వచ్చింది.

"పిల్ల పొద్దుగాల్ల బడికి పొయ్యింది. గేటు కాడ ఎవ్వరు పిలువలేదంట. భాయ్‌కి చెప్దామని వచ్చిన, యాడున్నడు?"

కమలాకర్ బల్ల వైపు చూశాడు. బల్ల మీద, పెండ్లిపత్రికలో పిల్లల పేర్ల పక్కన, మూత తీసిన ఎర్ర పెన్ను అట్లాగే ఉంది.