వెల్డా వంటింట్లో తీసిన సినిమా

ఆదివారం మధ్యాహ్నం ఆటకి వెల్డా చివరి వరుసలో, బయటికి పోయే తలుపు పక్కన కుర్చీ చూసుకుని కూర్చుంది. పక్కనే కూతురు కోరిన్. పద్దెనిమిదేళ్ల పిల్ల, తెర మీదా కూతురు వేషమే.

ముందు వరుసలోంచి పొరుగింటి ఓపల్ వెనక్కి తిరిగి పేపరు ముక్క ఊపింది.

"నీ పిండి డబ్బా గురించి పేపర్లో రాశారే వెల్డా. సినిమా మొత్తానికి ఆ దృశ్యమే ప్రాణమట. ముప్పై ఏళ్లుగా రొట్టెలు చేస్తున్నాను, నా డబ్బాని ఒక్కడూ పొగడలేదు."

వెల్డా ఆ ముక్క అందుకోలేదు.

నిరుడు చలికాలం గ్రేడీ అనే దర్శకుడు ఆరుగురు మనుషులతో మోంటానా దాకా వచ్చి, ఆమె ఇంట్లో పది రోజులు సినిమా తీశాడు. ఏ వస్తువూ కదపొద్దన్నాడు. మాటలు రాసుకోలేదు. తల్లి వేషం వేసిన ఏడ్రియన్ వంటింట్లో చేతికి ఏది దొరికితే దాంతోనే నటించేది. అంతా బాగానే ఉంది, ఇంటి ఇల్లాలిని మాత్రం చెల్లెలింటికి ఎందుకు పంపించారు? తిరిగొచ్చాక చూస్తే పిండి డబ్బాలో గరిట కుడివైపు గుచ్చి ఉంది. వెల్డా ఎప్పుడూ ఎడమవైపే గుచ్చుతుంది. అడుగున దాచిన కవరు మాత్రం ఉన్నచోటే ఉంది.

సియాటిల్ కాలేజీలో కోరిన్‌కి సీటొచ్చిందన్న ఉత్తరం అది. రాలేదని పిల్లకి అబద్ధం చెప్పింది. అంత పెద్ద ఊళ్లో ఒంటరి పిల్ల, రోజూ వాన, పేపరు తెరిస్తే హత్యలు. చించి పారేద్దామంటే చేతులు రాలేదు. ఎవరు చూశారు? ఎవరు ఎవరికి చెప్పారు? ఎనిమిది నెలలుగా అదే గుంజాటన.

తెర మీద ఏడ్రియన్ పిండిలో చెయ్యి పెట్టింది. ఆగింది. కవరు తీసింది. పేరున్న వైపు కనబడలేదు గానీ, మూల మీద కాఫీ మరకని వెల్డా గుర్తుపట్టింది. ఏడ్రియన్ చదివి, కెమెరా పక్కకి ఎవరినో చూసి, కవరు మళ్లీ పాతిపెట్టి, చేతులు దులుపుకుంది.

"ఎవర్ని చూసింది?" అంది వెల్డా గొంతు తగ్గించి.

"నన్నే," అంది కోరిన్. "మనుషులు చాలక ఆ రోజు లైటు నేను పట్టుకున్నా."

"మరి... అందరికీ చూపించాడా ఆ గ్రేడీ?"

"తీసేస్తానన్నాడమ్మా. నేనే ఉంచమన్నా. నీ అంతట నువ్వు చెప్తావేమోనని చూశా. ఇక్కడ కూర్చునేదాకా చూస్తూనే ఉన్నా."

వెల్డా తలుపు వైపు చూసింది. లేవలేదు.

"గడువు దాటిపోయింది కదే," అంది.

"కాలేజీకి మళ్లీ రాశా. ఈసారి లైబ్రరీ అడ్రసిచ్చా. సీటొచ్చింది."

ఓపల్ వెనక్కి తిరిగి "ష్" అంది.

వెల్డా ఒళ్లో చేతులు నలుపుకుంటూ కూర్చుంది. తెర మీద ఆ తల్లి రొట్టె పిండి పిసుకుతోంది, పిడికిళ్లు బిగించి, అచ్చం తనలాగే.

"ఆ హాస్టలు గదికి," అంది చివరికి, "లోపల గడియ ఉంటుందా?"

"ఉంటుందమ్మా."

"ఒకటేనా?"