ఐదో పేరుకు ఆధారం

మా కుమాసీ నగరంలో చెడ్డవాడెవడూ ఇంతవరకు చచ్చిపోలేదు. నమ్మకపోతే అసాఫో పేటలో బిరాగో దుకాణానికి వెళ్ళి చూడండి. చావు పోస్టర్లు వేసే దుకాణం అది. ఎరుపూ నలుపూ అంచుల మధ్య నవ్వుతున్న వాళ్ళందరూ దేవుడిలాంటి వాళ్ళే. పెళ్ళాన్ని చావబాదినవాడు ప్రేమమూర్తి. పక్కవాడి కోకో తోట కలిపేసుకున్నవాడు చేతికి ఎముక లేని దాత. బంధువులు ఏది చెబితే బిరాగో అది అచ్చువేస్తుంది. పోస్టరు పోస్టరే.

బేరాలు లేనప్పుడు మాత్రం ఆమె వేరే మనిషి. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, అందులో మాజీ రోడ్ల మంత్రి క్వాబెనా ఒఫోసు పేజీకి ఆరేళ్ళుగా ఆమే కాపలా. పార్టీవాళ్ళు వచ్చి "జాతిరత్నం" అని రాసిపోతారు. బిరాగో తీసేస్తుంది. "మంపాంగ్ గద్ద" అనే మారుపేరుతో ఎవరో వచ్చి "దొంగ" అని రాసిపోతారు. అదీ తీసేస్తుంది.

"ఆయన నీకు నెలకెంత ముట్టజెబుతున్నాడు?" అని గద్ద ఒకసారి, ఆ పేజీ గురించి వాదించుకునే చర్చాపుటలో పొడిచింది.

"ఆయన హయాంలో కట్టిన వంతెన కూలినప్పుడు విచారణ సంఘం 'నిర్లక్ష్యం' అంది. 'దొంగతనం' అనలేదు. అన్న కాగితం ఉంటే పట్రా, నేనే రాస్తాను."

"కాగితం కాగితమని ప్రాణం తీస్తావేం! ఊరంతా అంటోంది కదా."

"ఊరు అన్నవి చెప్పడానికి రేడియో ఉంది. అక్కడికెళ్ళు."

ఆ "నిర్లక్ష్యం" అన్న మాటను తీసేయాలని బిరాగోకి ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. ఎందుకంటే ఒఫోసు ఆమె తండ్రి.

ఆ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. తల్లీ పోయింది. బిరాగో పుట్టిన ఎనిమిదో రోజు తెల్లవారుజామున ఆయన వచ్చి, పేరు పెట్టే మా ఆచారం ప్రకారం పసిదాని నాలుక మీద ఒక చుక్క నీళ్ళూ ఒక చుక్క సారా వేసి, "నీళ్ళయితే నీళ్ళను, సారా అయితే సారా అను" అని, తన తల్లి పేరు పెట్టి వెళ్ళాడట. మళ్ళీ గడప తొక్కలేదు. తల్లి చెప్పిన ఆ నాలుగు ముక్కలే ఆమెకు తండ్రి. ఆయన ఏ ఊళ్ళో ఏ రోడ్డు తెరిచాడో, ఎప్పుడు ఆస్పత్రిలో చేరాడో పత్రికలు వెతికి రాస్తుంటే ఆయన పక్కన కూర్చున్నట్టుండేది. కానీ ఆ పేజీలో "నలుగురు పిల్లలు" అని ఉండేది. అక్కడికి వచ్చేసరికి చేయి ఆడేది కాదు. ఐదుగురని ఎవరైనా, ఎక్కడైనా, ఒక్కసారి అచ్చువేస్తే చాలనుకునేది.

బంధువులైనవాళ్ళు ఆ మాట పైకి చెప్పి, పేజీని ముట్టకుండా ఉండాలని అక్కడి నియమం. అందరికీ నియమాలు చెప్పే బిరాగో దీన్ని మాత్రం మింగేసింది. గురివింద సామెత ఊరికే పుట్టలేదు మరి.

ఒఫోసు మంగళవారం పోయాడు. గురువారం మధ్యాహ్నం ఆయన మేనమామ అదుసేయి బిరాగో దుకాణానికే వచ్చాడు. మా వైపు వంశం తల్లి వైపు నుంచే లెక్క, అందుకని ఎనభై దాటిన ఆ పెద్దాయనే ఆ కుటుంబానికి పెద్ద. కాల్చిన అరటికాయ పొట్లం విప్పుకుని బల్ల ముందు కూర్చున్నాడు.

"కెజెటియా సంతలో నిలబడ్డవాడికి కూడా మావాడి పళ్ళు కనబడాలి అమ్మాయ్. అంత పెద్దది వెయ్యి."

"కనబడతాయి తాతా. పిల్లల పేర్లు?"

ఆయన కాగితం అందించాడు. నాలుగు పేర్లు. బిరాగో వాటిని కంప్యూటర్లో కొట్టింది.

"నలుగురేనా?"

"వాడి భార్య రాసిచ్చింది. ఏం?"

"ఏం లేదు. ఎవరి పేరైనా వదిలేస్తే తర్వాత గొడవలు కదా."

"నీ పేరేంటి?"

"బిరాగో."

పెద్దాయన నమలడం ఆపాడు. "మా అక్క పేరది." ఆమె ముఖంలోకి చూశాడు. ముక్కు చూశాడు, గడ్డం చూశాడు. ఆ తర్వాత చూపు నేల మీదకు దించేశాడు. "కుమాసీలో బిరాగోలు బోలెడుమంది. శవం ఇంకా మట్టిలోకి వెళ్ళలేదు తల్లీ, ఇంట్లో నిప్పు పెట్టకు. ఏదీ, చదివి వినిపించు. కళ్ళజోడు మర్చిపోయాను."

ఆయనకు తెర కనబడదు. బిరాగో ఐదో వరసలో తన పేరు కొట్టింది. ఎంత బాగా అమరిందో! ఈ పోస్టరు రేపు ఊళ్ళో ప్రతి గోడ మీదా ఉంటుంది. అచ్చయిందంటే అదే ఆధారం. పేజీలో అంకె మారుతుంది, గద్ద కూడా నోరెత్తలేదు. కానీ రాసేదీ తనే, ఆధారం పుట్టించేదీ తనే. ఇదే పని ఇంకొకరు చేస్తే చెవి మెలేసేది కాదూ! తన పేరును ఒక్కో అక్షరమే చెరిపేసింది.

నాలుగు పేర్లూ పైకి చదివింది.

"అంతేనా?" అన్నాడు పెద్దాయన, ఆమె వైపు చూడకుండా.

"అంతే తాతా."

పోస్టర్లు అచ్చయి, తడి ఆరడానికి గోడ పొడవునా వేలాడుతున్నాయి. బిరాగో పేజీ తెరిచి, పత్రికను ఆధారంగా చూపించి, ఆయన మరణించిన తేదీ రాసింది. ఆపైన చర్చాపుటకు వెళ్ళింది.

"ఇకమీదట ఈ పేజీని నేను ముట్టను. నేను ఈయన కూతుర్ని. ఆరేళ్ళు దాచాను, తప్పే. నేను రాసిందంతా ఇంకెవరైనా సరిచూడండి. కూతుర్నని రుజువు చేసే కాగితం నా దగ్గర లేదు, అందుకని పిల్లల సంఖ్య మార్చకండి."

గద్ద ఇప్పుడు వాలుతుందనుకుంది. ఇన్నాళ్ళ కసీ తీర్చుకుంటుంది, ఉతికి ఆరేస్తుంది. పావుగంటలో జవాబు వచ్చింది.

"సరిచూడక్కర్లేదు. నీతో తగాదాపడే నాకు తెలియదా నువ్వెలా రాస్తావో? దూఎ, చెల్లీ, దూఎ. మీ నాన్న పోయాడు కదా, ఏమైనా తిన్నావా?"

దూఎ అన్నది మా వైపు చావింట్లో పలికే ఓదార్పు. బల్లకు ఇవతల నిలబడి వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెప్పడమే బిరాగో వృత్తి. తండ్రి పోయినందుకు ఆమెకు ఎవరైనా చెప్పడం ఇదే మొదలు. లేచి దుకాణం తలుపు వేసింది. తండ్రి బొమ్మల కింద నేల మీద కూర్చుని, కూతురు ఏడ్చినట్టు, గొంతెత్తి ఏడ్చింది.