గోడౌనులో మాగబెట్టిన కారు

ఇట్లా రా, నా పక్కకు జరిగి కూర్చో. ముక్కు మూసుకుని వినాల్సిన కథ ఇది. తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది, అయినా చెప్పకుండా ఉండలేను.

ఆదోనిలో కనకమ్మకు ఒక జిన్నింగు మిల్లు, దాన్ని ఆనుకుని గోడౌను ఉన్నాయి. పత్తిలోంచి గింజ తీసే మిల్లు. వాళ్ల నాయన పసుపు కుంకాల కింద ఆమె పేరున రాసిచ్చాడు. నడిపేది మాత్రం మొగుడు వెంకటసుబ్బయ్య. మిషన్లు ముసలివైపోయాయి. రోలర్లు అరిగి, దూదితో పాటు గింజ కూడా బయటికి వచ్చేస్తోంది. ఈ ఏడు కొత్తవి వేయకపోతే మిల్లుకు తాళమే. తాళం పడితే అందులో పని చేసే అంజినమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు మూటలు కట్టుకుని గుంటూరు మిరపకోతలకు పోవాల్సిందే. ఆ సంగతి కనకమ్మకు గుండెల్లో ముల్లు.

మరి డబ్బు లేదా అంటే, ఉండింది. ఎమ్మిగనూరులో పెద్ద జాగా అమ్మితే వచ్చింది. అదంతా పోసి కొడుకు అనిల్ ఒక కారు తెచ్చాడు. మామూలు కారా? పెట్రోలుతోనూ నడుస్తుందట, కరెంటుతోనూ నడుస్తుందట. ఇద్దరికే చోటు, అదీ నేల మీద చతికిలబడ్డట్టు. ఎమ్మిగనూరు రోడ్డులో మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే పొట్ట గీరుకుని, గొంతుకోసిన పొట్టేలులా గుర్రుమని నిలబడిపోయింది.

"థూ! దీనికా జాగా అమ్మింది? సద్దిమూట పెట్టుకోనీకి గూడా సోటు ల్యాదే!" అంది కనకమ్మ.

"నీకు తెలీదు మా. ఇట్లాటివి ప్రపంచం మొత్తంలో కొన్నే సేసినారు. తిప్పకుండా పెట్టుకుంటే ఏటేటికీ రేటు పెరుగుతాది," అన్నాడు అనిల్.

ఆ మాట వెంకటసుబ్బయ్య చెవిలో తేనె పోసింది. తాతల నాటి నుంచి వాళ్లు చేసిన వ్యాపారం అదే కదా! పత్తి అగ్గువకు కొనడం, బేళ్లుగా పెద్ద మూటలు కట్టి గోడౌనులో పేర్చడం, రేటు వచ్చేదాకా కదలకుండా కూర్చోవడం.

"బేలు మాదిరే అనుకోవే. గోడౌన్లో పెట్టి తాళమేస్తాం. రేటు రాంగానే అమ్మి నీ మిల్లుకు రోలర్లు ఏపిస్తా," అని పెళ్లానికి మాట ఇచ్చాడు. కనకమ్మ సరే అంది. అనక ఏం చేస్తుంది?

అప్పుడు మొదలైంది దాని సేవ. ఊరికే నిలబడినదానికి ఇన్సూరెన్సు. గోడౌను దాటని చక్రాలకు, నిలబడి అణిగిపోయాయని కొత్త టైర్లు. వాడని ఆయిలు మార్చడానికి బెంగళూరు నుంచి మనిషి, ఆ మనిషికి లాడ్జి, బిర్యానీ. దూది దుమ్ముకు దగ్గలేక అంజినమ్మ ఒక్క ఫ్యాను అడిగితే "యాడ తెచ్చేది?" అని కసిరాడు వెంకటసుబ్బయ్య. అదే నోటితో పోయి కారు మూతికి కుంకుమ పెట్టి "నా బంగారు" అని నిమిరేవాడు. అది చూసి కనకమ్మ థూ అని ఉమ్మేసి పోయేది.

పత్తి అయిపోగానే ఎండాకాలం మిల్లుకూ గోడౌనుకూ తాళం వేశారు. దసరా దగ్గరికి వచ్చి కొత్త పత్తి దిగే వేళకు, పక్కన పత్తి మండీ నడిపే అబ్దుల్ రహీమ్ కారుకు ఒక బేరం తెచ్చాడు.

"సెల్లెమ్మా, బెంగళూరు పార్టీ. మీరు కొన్నదానికంటే ఎక్కువే ఇస్తాడంట," అన్నాడు.

కనకమ్మ వెంటనే అంజినమ్మకు కబురు పంపింది: "గుంటూరు బస్సు ఎక్కొద్దండి. మిల్లు తిరుగుతాది."

బేరగాడు తెల్లచొక్కాతో, సెంటు వాసనతో దిగాడు. గోడౌను తలుపులు తీశారు. అనిల్ ముసుగు లాగి తాళంచెవి నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. ఊహూఁ. బేరగాడి వెంట వచ్చిన మెకానిక్కు కింద పడుకుని, ఎక్కడో దాచిన తీగ పట్టి లాగితే కారు తలుపు కిర్రుమంటూ పైకి లేచింది.

లేచిందా... ఆ కంపు నీకెట్లా చెప్పను! పత్తిగింజలు తిని బలిసిన ఎలుకలు సీట్ల తోలు చీల్చి, దూది పరుచుకుని కాపురం పెట్టాయి. స్టీరింగు కింద కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు ఒకదాని మీద ఒకటి పురుగుల్లా మెదులుతున్నాయి. వైర్లు పీచుపీచు. తోలంతా బూజు, ఎలుక ఉచ్చ.

"ఏనప్పా ఇదు, ఏమిది? కారా, ఎలుకల కలుగా?" అని బేరగాడు రుమాలు ముక్కుకు అదుముకుని బయటికి ఉరికాడు.

"ఛార్జింగులో పెట్టలేదా? కరెంటు తాగుతా ఉండకపోతే దీని బ్యాటరీ సచ్చిపోతాది," అన్నాడు మెకానిక్కు.

"పెట్టినాం గదన్నా! సూడు, వైరు తగిలించే ఉంది," అన్నాడు అనిల్.

"వైరుంది సామీ. దాంట్లో కరెంటు యాడుంది?"

అందరూ వెంకటసుబ్బయ్య వైపు తిరిగారు. పత్తి గోడౌనుకు తాళం వేసేవాడు ముందు చేసే పని మెయిను ఫ్యూజు పీకడం. ఒక్క నిప్పురవ్వ చాలు, ఏడాది కష్టం బూడిద. ఆయన తాత పీకాడు, నాయన పీకాడు. ఈయనా పీకి, ఎండాకాలం నుంచి ఇంట్లో దేవుడి గూట్లో భద్రంగా పెట్టాడు.

"పత్తి గోడౌన్లో కరెంటు ఎట్లా ఇడిసిపెడతార్రా?" అని కొడుకు మీదే అరిచాడు.

"శెట్టీ, బేలునైతే బాగా కాపాడినావు. కారునే సంపినావు," అన్నాడు రహీమ్, నవ్వు ఆపుకోలేక.

కొత్త బ్యాటరీకి కోటికి పైమాటేనట. అదీ పరాయి దేశం నుంచి రావాలి. ఉన్నదున్నట్టు ఇస్తే, విప్పి సామాన్ల కింద అమ్ముకునే లెక్కన, కొన్నదాంట్లో మూడో వంతు కూడా రాదన్నాడు బేరగాడు.

వెంకటసుబ్బయ్య కనకమ్మను పక్కకు పిలిచి భుజం మీద చేయి వేశాడు. ఆ చేతికి కారులోని జిగట అంటి ఉంది.

"ఏమే, మిల్లు నీ పేరున ఉండాది గదా. కుదువ పెట్టి బ్యాటరీ ఏపిద్దాం. రేటు యాడికీ పోదు."

కనకమ్మ విదిలించుకుంది. "సేయి తియ్యి, వాంతొస్తాంది! ఎమ్మిగనూరు జాగా మింగింది సాలల్యా? దాని నోట్లోకి మా నాయన మిల్లు గూడా కుక్కుతావా? సచ్చినా సంతకం పెట్టను."

కొడుకు వైపు తిరిగింది. "కారు నీది, గోడౌను నాది. ఆ అయ్య సెప్పిన రేటుకు ఇస్తావా, ఈ పొద్దే ఎండలోకి తోయించాల్నా?"

"నష్టం మా!"

"నష్టం ఎప్పుడో వచ్చిందిరా. ఇప్పుడు వచ్చేది వాసనే."

అనిల్ తలవంచుకుని కాగితాల మీద సంతకం పెట్టాడు. కారును లారీ మీదికి ఎక్కించారు, ఎలుకపిల్లలతో సహా. వచ్చిన డబ్బుతో రోలర్లు దిగాయి. అంజినమ్మ గుంటూరు పోలేదు, మిల్లు తిరిగింది. గోడౌనును ఫినాయిలుతో ఎన్నిసార్లు కడిగించినా కనకమ్మ ముక్కుకు మాత్రం ఆ కంపు వదల్లేదు. వెంకటసుబ్బయ్య ఈనాటికీ మండీలో కూర్చుని "మా ఆడది తొందరపడె, ఇంకో రెండేండ్లు పెట్టుకోనుంటే సూస్తుంటిరి రేటు" అంటాడట. ఆ మాట వినబడితే ఆమె తినే అన్నం వదిలేసి లేచిపోతుంది.

నువ్వు మాత్రం ఇది మరిచిపోవద్దు. దాచిపెడితే విలువ పెరుగుతుందని ఎవరైనా ఇట్లాంటి కారుకు ఎగబడితే, కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పు. కంపు తగ్గించి మాత్రం చెప్పకు.