ఇంటి మీది రేకులు

మధ్యాహ్నానికి గోదాము కప్పు సగం దిగింది. పైనుంచి జారుతున్న పాత సిమెంటు రేకుల్ని అక్క అందుకుని గోడవారకు చేరుస్తోంది. పనిలో అందరికీ ఆవిడ అక్కే, మేస్త్రీతో సహా. ముక్కుకు అడ్డంగా కట్టుకున్న చెంగు చెమటకు ఎప్పుడో జారిపోయింది.

అప్పుడే లెక్కలమ్మ వచ్చింది. కట్టడం లేచిన దగ్గర్నుంచి కూల్చేదాకా నేలకూ నీళ్లకూ గాలికీ ఎంత చేటు చేస్తుందో లెక్కకట్టడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఇక్కడ లేవబోయే భవనానికి మంచి మార్కులు పడాలంటే పాతదాని చెత్త ఎటు పోతోందో కూడా తేలాలి.

"ఇనుము?"

"కరిగించేవాళ్లకండి," అన్నాడు మేస్త్రీ.

"ఈ రేకులు?"

మేస్త్రీ ముఖం వెలిగిపోయింది. "ఒక్క ముక్క పారెయ్యమండి. మావాళ్లే ఇళ్లకి పట్టుకుపోతారు. మా నాన్న కాలం నుంచీ ఇదే పద్ధతి."

నిజమే. కప్పు దించినవాళ్లకు రేకులు ఊరికే ఇస్తారు. అందరూ మేస్త్రీది ధర్మగుణం అంటారు. చెత్త తోలే లారీ బాడుగ మిగులుతోందని ఒక్కరూ అనరు. మంచివాడనిపించుకోవడానికి ఇంతకంటే చవకైన దారి ఉండదు.

లెక్కలమ్మ మూతికి దళసరి మాస్కు బిగించుకుని, చేతులకు తొడుగులేసుకుని, రేకు ముక్కను పట్టకారుతో సంచిలో వేసింది. కప్పు మీదున్నవాళ్లు పకపకా నవ్వారు. అక్కకు నవ్వు రాలేదు.

"మామూలు దుమ్మేగా అమ్మా?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఇందులో సన్నటి నార ఉండొచ్చండీ. విరిచినా, చిల్లు పెట్టినా గాల్లోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు. ఏళ్లు గడిచాక జబ్బు చేస్తుంది."

అక్కకు తన ఇల్లు గుర్తొచ్చింది. కిందటి పనిలో దొరికిన రేకులే ఆవిడ ఇంటి కప్పు. గాలికి కొట్టుకుంటున్నాయని నిన్ననే అల్లుడు మేకుతో చిల్లులు పొడిచి తీగతో బిగించాడు. కింద ఊయలలో నెలల మనవరాలు. దుప్పటి మీద పడ్డ తెల్లటి పొడిని ఆవిడే చెంగుతో దులిపి, ఆ చెంగుతోనే పిల్ల మూతి తుడిచింది.

"చెప్పక్కా, సంతోషంగానే తీసుకెళ్తారుగా?" మేస్త్రీ నవ్వుతూ అడిగాడు. "కూతురి వంటగదికని నీకు మంచివి పక్కన పెట్టాను కూడా."

"వద్దు."

"ఏంటీ?"

"వద్దు మేస్త్రీ. ఇవీ వద్దు, ఇంటి మీదున్నవీ వద్దు."

"అయితే రేపట్నుంచి పని కూడా వద్దా?"

అక్క తన చేతిలోని రేకును పసిపిల్లను దించినట్టు మెల్లగా నేలమీద పెట్టింది. పెట్టి, గేటు వైపు పరుగెత్తింది. పిల్లను వెంటనే ఆ ఇంట్లోంచి ఎత్తుకుని బయటికి తెచ్చెయ్యాలి.

గేటు దాటబోతూ తనను తాను చూసుకుని ఆగిపోయింది. చేతులు, చెంగు, భుజాల మీద పడ్డ జుట్టు, అన్నీ తెల్లగా ఉన్నాయి.