నాలుగో రేవు వంతెన

పాత కంప్యూటర్ ఆటల గురించి తెలియనివాళ్ళు రెండు రకాలని గురువు లెక్క. తెలియదని ఒప్పుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళు ఒక రకం, ఫ్లాపీలు పట్టుకుని తన ఇంటిమీదకి వచ్చేవాళ్ళు మరో రకం. గురువన్నది పాత ఆటల సంఘంలోని పదకొండుమంది శిష్యులు పెట్టిన పేరు. పెద్ద మనసుతో ఉంచేసుకున్నాడు.

సోమవారం ఉదయం వచ్చింది రెండో రకమే. కానీ చీవాట్లు పెట్టి పంపే వీల్లేదు. సాక్షాత్తూ కూతురి అత్తగారు! లైబ్రేరియన్‌గా రిటైరై రెండు నెలలైంది. లైబ్రరీవాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న అట్టపెట్టె ఆవిడ ఒళ్ళో ఉంది. పైన 'ఏడు రేవులు' అని ఆట పేరు. కూతురు ముందే ఫోన్ చేసింది: "నాన్నా, మా అత్తయ్య దగ్గర నోరు అదుపులో పెట్టుకో. నీకు దణ్ణం పెడతా."

"వదినగారూ, ఈ ఫ్లాపీ దూర్చే కన్నం మీ లాప్‌టాప్‌కి ఎక్కడుందో చూపిస్తారా?" అన్నాడు గురువు, గొంతులో తేనె పోసుకుని.

ఆవిడ నిజంగానే నాలుగువైపులా తిప్పి చూసింది. "లేదు అన్నయ్యగారూ."

"లేదు కదా. పెట్టె పక్కన పెట్టండి. నా కాపీ ఎక్కిస్తాను."

పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆటతోపాటు ఎమ్యులేటర్ కూడా వేశాడు. అదేమిటని ఆవిడ అడిగింది.

"మీ లాప్‌టాప్‌లో కూర్చుని ముసలి కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామండీ. పాత ఆట పాపం నమ్మేస్తుంది. ఎవరేం చెప్పినా నమ్మేవాళ్ళు ఉంటారు కదా, అలాగ."

ఆట మొదలైంది. ఓడ కళ్ళు మూసి తెరిచేలోగా సముద్రం దాటేసి రాళ్ళకి గుద్దుకుంది.

"అయ్యో, మునిగిపోయింది!"

"మీ మెషీన్ దూకుడు దానికి పడలేదు. కంట్రోల్ పట్టుకుని ఎఫ్ పదకొండు నొక్కుతూ ఉండండి, దారికొస్తుంది."

ఆవిడ నోటుపుస్తకం తీసి గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. రాసుకునేవాళ్ళని చూస్తే గురువుకి ఒళ్ళు మంట.

ఆట మళ్ళీ మొదలుపెడితే ఈసారి ఓడ నిదానంగా మొదటి రేవు చేరింది. రేవు అధికారి ఒక జెండా చూపించి అనుమతి మాట అడిగాడు. ఆవిడ పెట్టెలోంచి ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు అట్టబిళ్ళల చక్రం తీసింది. ఏ జెండాకి ఏ మాటో దాని కిటికీలో కనిపిస్తుంది. ఆవిడ ఇంకా తిప్పుతుండగానే గురువు ఎంటర్ కొట్టేశాడు. ఆట మాట్లాడకుండా లోపలికి పంపింది.

"దొంగ కాపీలు ఆపడానికి పెట్టిన నాటకమండీ అది. నా కాపీలో ఏం కొట్టినా దారిస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా ఉత్త ఎంటరే కొడుతున్నాను."

"మాన్యువల్‌లో తిప్పి చూడమని ఉందండీ. రెండుసార్లు చదివాను."

"ఎనభై పేజీలూనా?" గురువు జాలిగా చూశాడు. "మాన్యువల్ చదివేవాళ్ళని మా సంఘంలో చేర్చుకోం వదినగారూ."

గోడకి ఆనించిన నిలువెత్తు బోర్డు చూపించాడు. 'ముగింపు లేని ఆట' అని అచ్చువేయించాడు. ఆదివారం సంఘం ప్రదర్శనలో ఆ బోర్డు ముందు నిలబడి అరగంట ఉపన్యాసం. నాలుగో రేవులో వంతెన లేవదు, ఓడ కదలదు. తయారుచేసినవాళ్ళు మిగతా మూడు రేవులూ రాయకుండా చేతులెత్తేశారని అతని సిద్ధాంతం. అతని పేరంతా దాని మీదే నిలబడింది.

"పెట్టె మీద ఏడని ఉంది కదండీ?"

"పెట్టె మీద ఏమైనా రాస్తారు."

ఆవిడ వెళ్ళగానే భార్య వంటింట్లోంచి అంది, "ఆ వెటకారం ఎందుకండీ? పాపం శ్రద్ధగా నేర్చుకుంటోంది."

"వెటకారమా? విద్యాదానం!"

శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. "అన్నయ్యగారూ, చిన్న సందేహం. అయిదో రేవులో ఉప్పు దించమంటున్నాడు. ఏ మీట నొక్కాలి?"

"నాలుగోదై ఉంటుంది. సరిగ్గా లెక్కపెట్టండి."

"నాలుగోది నిన్ననే దాటానండీ. వంతెన లేస్తుంటే వచ్చే పాట ఎంత బాగుందో!"

గురువు కుర్చీలోంచి లేచాడు. ఆ వంతెనకి పాట ఉందని అతనికి తెలియదు. "ఏం చేశారు?"

"ఏమీ లేదు. మొదట్లో అడిగిన మాట చక్రంలో చూసి కొట్టాను. మీరు అక్కర్లేదన్నారు గానీ, అడిగితే చెప్పకపోవడం మర్యాద కాదు కదండీ."

తన తెర మీది జెండా ఏదో ఫోన్‌లో చెప్పి, ఆవిడచేత చక్రం తిప్పించి, గురువు మొదటిసారి ఆ మాట కొట్టాడు. మూడు గంటల తర్వాత వంతెన లేచింది. పాట వచ్చింది. దొంగ కాపీ చేసినవాడు మొదటి ప్రశ్న అనే వీధి తలుపు ఒక్కటే బద్దలుకొట్టాడు. జవాబు చెప్పనివాణ్ణి ఆట గుర్తుపెట్టుకుని, నాలుగో రేవులో నిలబెట్టేసింది. ఇరవై ఆరేళ్ళు నిలబెట్టింది. అతను దాని మీద పరిశోధన చేశాడు!

వెంటనే ఫోన్ తీశాడు. "వదినగారూ, రేపు ఎండగా ఉంటుందట. ప్రదర్శనకి శ్రమపడకండి."

"భలేవారే! పెట్టె కూడా తెస్తున్నాను, మీ శిష్యులు చూస్తారు."

తెచ్చింది. బోర్డు వెనక్కి తిప్పి పెట్టి గురువు చెమటలు కక్కుతుండగా, పదకొండుమంది ముందూ ఆవిడ వంతెన లేపింది.

ఓ శిష్యుడు గొంతు సవరించుకున్నాడు. "గురువుగారూ, మరి ముగింపు లేదన్నారు?"

"మీలో ఒక్కడైనా మాన్యువల్ తెరుస్తాడేమోనని చూశాను!" గురువు గద్దించాడు. "ఒక్కడూ తెరవలేదు. సిగ్గుండాలి!"

శిష్యులు తలలు దించుకున్నారు. గురువుకి ఊపిరి ఆడింది.

"అన్నీ తెలిసే ఊరుకున్నారా!" ఆవిడ ముఖం వెలిగింది. "అయితే ఆరో రేవుకి ఎటు పోవాలి అన్నయ్యగారూ? నేనింకా వెళ్ళలేదు."

పన్నెండు జతల కళ్ళు అతని మీద వాలాయి. తూర్పని నోటిదాకా వచ్చింది. పడమరని కూడా వచ్చింది. అత్తగారితో వచ్చి వెనక నిలబడ్డ కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కాస్త జరగండి వదినగారూ. నేనూ చూడలేదు," అన్నాడు గురువు, తనకే వినపడీ వినపడనంత మెల్లగా.

ఆవిడ జరిగి, నోటుపుస్తకంలో ఖాళీ పేజీ తెరిచి అతని ముందుకి తోసింది.

"రాసుకుంటూ ఆడండి అన్నయ్యగారూ. మొదట్లో అందరికీ కష్టంగానే ఉంటుంది."